తోటివారి తోడ్పాటు: దాని ఫలమును కొలుచుట ఎట్లు?

(శతవార్షికోత్సవ సభలలో ఆరోగ్య సేవలను గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో లెక్కలు చెప్పుకొనుట పరిపాటి. ఎన్ని దేవాలయములు కట్టబడినవో, ఎన్ని పాఠశాలలు నడిచినవో, ఎందరు రోగులకు మందు అందినదో ఈ సభలలో పెద్దలు చెప్పగా సంతోషముతో విన్నాము. అయితే ఒక సేవ జరిగినదని చెప్పు లెక్క ఒకటి, ఆ సేవవలన మేలు కలిగినదని చూపు లెక్క మరియొకటి. ఈ రెంటికి గల భేదమును ఒక్క విషయము ద్వారా మీ ముందుంచవలెనని మేము తలంచినాము. హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారికి అదే స్థితిలోనున్న తోటివారు చేయు సహాయమే ఆ విషయము. అది నిజముగా పనిచేయుచున్నదా? చేయుచున్నదని మనకు ఎట్లు తెలియును?

ఈ ప్రశ్న మన గడపకు దూరమైనది కాదు. మన దేశములో ఈ వైరస్ 1986లో, అప్పటి మద్రాసు నగరములో, మొదట కనుగొనబడినది. 2023 సంవత్సరపు ప్రభుత్వ అంచనాల ప్రకారము దేశములో 25 లక్షలకు పైగా మనుష్యులు దీనితో జీవించుచున్నారు. వారిలో 3 లక్షలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. మన సంఘములలో ప్రతి ఆదివారము మన ప్రక్కన కూర్చున్నవారిలో అట్టివారు లేరని ఎవరును చెప్పజాలరు.

మందు ఉన్నను తోడు ఎందుకు?

మొదటి సంవత్సరములలో ఈ వ్యాధికి మందు లేకుండెను. మందు వచ్చిన తరువాత కూడ చాలకాలము బీదలకు అది అందలేదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ఆరంభించినది. ఆ ఆరంభములో చేరిన రాష్ట్రములలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు ఆ మాత్రలను క్రమముగా వేసికొనువారు పనిపాటలు చేసికొనుచు, బిడ్డలను పెంచుకొనుచు దీర్ఘకాలము బ్రదుకగలుగుచున్నారు. రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, ఆ విధముగానే నిలిచియున్న యెడల దాంపత్యమువలన కూడ ఇతరులకు అంటదని వైద్యశాస్త్రము రూఢిగా చెప్పుచున్నది.

ఇంత మేలు ఒక్క షరతు మీద ఆధారపడియున్నది. మాత్రను ప్రతిదినము, జీవితాంతము, మానక వేసికొనవలెను. ఇది చెప్పుటకు సులభము. ఎ.ఆర్.టి. కేంద్రము పట్టణములో ఉండును; అచ్చట తెలిసినవారు ఎవరైన చూతురేమోనని భయము. బస్సు ఛార్జీకి డబ్బు కావలెను, ఆ దినపు కూలి పోవును. అత్తవారింట మాత్రల సీసా దాచుకొనుటకు చోటు ఉండదు. కొంతకాలము గడచి ఒళ్లు బాగుపడిన తరువాత ఇక మందెందుకను ఆలోచన వచ్చును. తల్లినుండి పుట్టుకతోనే వైరస్ పొందిన బిడ్డ పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమునకు వచ్చి, "నేనేమి చేసితినని నాకీ మాత్రలు?" అని అడిగి విసిరివేయును.

ఇట్టి సమయములో డాక్టరుగారి మాట ఒక తీరుగాను, తానును అదే మాత్ర వేసికొనుచున్న మనిషి మాట మరియొక తీరుగాను చెవికి సోకును. ఆ రెండవ మనిషికి మాత్ర వేసికొన్నప్పుడు తల తిరుగుట తెలియును, బంధువుల ఇంట పెండ్లిలో మాత్ర వేసికొనుటకు చాటు వెదకుట తెలియును. తోటివారి తోడ్పాటు అను సేవకు మూలమిదే. 1983లో అమెరికాలోని డెన్వర్ నగరమున సమావేశమైన ఎయిడ్స్ రోగులు, తమ్మును గూర్చిన నిర్ణయములలో తమకు పాలు ఉండవలెనని కోరిన నాటినుండి ఈ ఆలోచన లోకమంతట వ్యాపించినది. మన దేశములో కూడ 2013 నుండి విహాన్ అను కార్యక్రమము క్రింద సంరక్షణ, సహాయ కేంద్రములు ఏర్పడినవి. వాటిలో అనేకము హెచ్.ఐ.వి.తో జీవించువారి సమాఖ్యలే నడిపినవి.

ఆలోచన మంచిదే. అయితే మంచి ఆలోచన అంతయు మంచి ఫలము ఇచ్చునా? ఈ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు వెదకిన పని ఆఫ్రికా ఖండములో ఎక్కువగా జరిగినది. మన దేశములకంటె అచ్చట బాధ పెద్దది, వైద్యులు తక్కువ. కనుక ఆ దేశముల అనుభవమునే ముఖ్యముగా తీసికొని మాటలాడెదము.

మోసపుచ్చు లెక్క

సాధారణముగా ఒక సేవ యొక్క వార్షిక నివేదిక ఎట్లుండును? ఇన్ని కూటములు జరిగినవి, ఇందరు హాజరైనారు, ఇన్ని గృహ దర్శనములు చేయబడినవి, ఇందరు సహాయకులకు శిక్షణ ఇవ్వబడినది. చివరకు ఒకరిద్దరి సాక్ష్యము. ఇవన్నియు జరిగినవే. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. కూటమునకు వచ్చినవారి పేర్లు రిజిస్టరులో ఉండును. రాక మానివేసినవారి పేర్లు ఏ రిజిస్టరులోను ఉండవు. సాక్ష్యము చెప్పుటకు నిలబడినవారు నిలబడగలిగినవారే. నిలబడలేక పోయినవారి సాక్ష్యము మనము వినుట లేదు. పైగా సేవ చేసినవారే సేవకు మార్కులు వేసికొన్నప్పుడు కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత జ్ఞాపకము వచ్చును.

దీనికంటె ఎంతో మేలైన లెక్క ఒకటి చూతము. మొజాంబిక్ దేశములో తేతె అను ఒక రాష్ట్రము కలదు. అచ్చట ఆసుపత్రులు దూరము, దారులు కష్టము. 2008లో సరిహద్దులు లేని వైద్యులు అను అంతర్జాతీయ సంస్థయు, అచ్చటి ఆరోగ్య శాఖయు కలిసి ఒక ఉపాయము ఆరంభించిరి. ఒకే ప్రాంతములోని రోగులు ఆరుగురు వరకు ఒక గుంపుగా ఏర్పడుదురు. నెలకు ఒకరు వంతున ఆసుపత్రికి వెళ్లి, తాను పరీక్ష చేయించుకొని, అందరి మందులు తెచ్చును. తక్కినవారికి ఆ నెల దారి ఖర్చు లేదు, కూలి నష్టము లేదు. ఒకడు మందు మానిన యెడల తక్కిన ఐదుగురికి వెంటనే తెలియును.

2008 ఫిబ్రవరి నుండి 2010 మే వరకు 291 గుంపులలో 1,384 మంది చేరినారు. 83 మంది వేరు చోట్లకు మారిపోయినారు. మిగిలిన 1,301 మందిలో 1,269 మంది, అనగా నూటికి 97.5 వంతు, చికిత్సలో నిలిచియున్నారు. 30 మంది మరణించినారు. జాడ తెలియకపోయినవారు ఇద్దరే. ఈ లెక్కలో మెచ్చుకొనదగిన సంగతి ఏమనగా, అది పోయినవారిని కూడ లెక్కించినది. ఎవరు చనిపోయినారు, ఎవరు ఊరు మారినారు, ఎవరు తప్పిపోయినారు అని విడివిడిగా చెప్పినది.

అయినను ఈ 97.5 అను సంఖ్య ఒక్కటే సేవ యొక్క బలమును రుజువు చేయజాలదు. ఏలయనగా ఆ గుంపులలో చేరుటకు అర్హత గలవారు అప్పటికే కనీసము ఆరు నెలలు మందు పుచ్చుకొని నిలదొక్కుకొన్నవారు. నడువగలవారిని ఏరి నడకపోటీ పెట్టినట్లయినది. వారు గుంపులో లేకపోయినను బాగుగానే ఉండెడివారేమో! ఆ అనుమానము తీరవలెనన్న, అట్టివారే గుంపులో లేనప్పుడు ఏమైనారో ప్రక్కన పెట్టి చూడవలెను. అనగా పోలిక కావలెను.

పోల్చి చూచిన లెక్క

ఆ పోలిక జింబాబ్వే దేశములో జరిగినది. 2004లో హరారే నగరములో హెచ్.ఐ.వి. గల కౌమార ప్రాయపు పిల్లలు కొందరు ఒక చిన్న కూటముగా చేరుటతో ఒక సేవ మొదలైనది. దానికి జ్వాందీరి అని పేరు. షోనా భాషలో దాని అర్థము "నేను ఉన్నట్లుగానే" అని. క్రమముగా ఆ సేవలో యువ సహాయకులు తయారైనారు. వారు 18 మొదలు 24 ఏండ్ల లోపు యువతీయువకులు, అందరును హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారే. శిక్షణ పొంది, ఒక ప్రభుత్వ వైద్యశాలను అంటిపెట్టుకొని పనిచేయుదురు. తమకంటె చిన్నవారైన పిల్లల ఇండ్లకు వెళ్లుదురు, ఫోనులో సందేశములు పంపుదురు, నెలనెల కూటములు జరుపుదురు. ఆ పిల్లలను పెంచుచున్న పెద్దలకు కూడ కూటములు కలవు. ఏ బిడ్డ స్థితి బాగుగా లేదో ఆ బిడ్డ వద్దకు ఎక్కువసార్లు వెళ్లుదురు.

బిందురా, షాంవా అను రెండు జిల్లాలలో 16 ప్రభుత్వ వైద్యశాలలను తీసికొని, చీట్లు వేసినట్లుగా, ఎనిమిదింటిలో ఈ సేవను పెట్టినారు. ఎనిమిదింటిలో మామూలు పద్ధతినే ఉంచినారు. మామూలు పద్ధతి అనగా నర్సులు, వయసు వచ్చిన కౌన్సిలర్లు బోధించుట. పిల్లలకు చీట్లు వేయక వైద్యశాలలకు ఎందుకు వేసినారని మీరు అడుగవచ్చును. ఒకే వైద్యశాలకు వచ్చు పిల్లలు ఒకరితో ఒకరు మాటలాడుకొందురు. ఒకరు పొందిన మేలు రెండవవారికి కూడ సోకును. అప్పుడు పోలిక చెడిపోవును. ఎవరికి సేవ ఇయ్యవలెనో సేవకులే ఎన్నుకొనలేదు గనుక, నడువగలవారినే ఏరినారన్న అనుమానమునకు తావు లేదు.

2016 ఆగస్టు నుండి 2017 మార్చి వరకు 13 మొదలు 19 ఏండ్ల వయసు గల 500 మందిని చేర్చుకొన్నారు. వారిలో నలుగురికి హెచ్.ఐ.వి. లేదని తేలగా 496 మంది మిగిలినారు. వీరిలో నూటికి 81 మంది తల్లినో తండ్రినో ఇద్దరినో పోగొట్టుకొన్నవారు. నూటికి 47 మందికి మొదటనే రక్తములో వైరస్ ఎక్కువగా ఉన్నది. మందు ఉన్నను పనిచేయుట లేదన్నమాట. తేతెలో చేరినవారివలె వీరు నిలదొక్కుకొన్నవారు కారు.

96 వారముల తరువాత రక్తము పరీక్షించినారు. వైరల్ లోడ్ ఒక మిల్లీలీటరు రక్తములో 1,000కి తగ్గక పోయినవారిని, మరణించినవారిని కలిపి లెక్కించినారు. మామూలు పద్ధతిలో 270 మందిలో 97 మంది, అనగా నూటికి 36 మంది, ఆ దురవస్థలో ఉన్నారు. తోటివారి సహాయము పొందినవారిలో 209 మందికి 52 మంది, అనగా నూటికి 25 మంది. తక్కిన భేదములను సరిచూచి లెక్కించిన మీదట దురవస్థ సుమారు 42 శాతము తగ్గినదని తేల్చినారు. నిజమైన తగ్గుదల 6 శాతము మొదలు 64 శాతము వరకు ఎక్కడనైన ఉండవచ్చునని కూడ చెప్పినారు. ఈ ఫలితములు 2020లో ప్రకటింపబడినవి.

ఈ లెక్కను రెండు కన్నులతో చూడవలెను. ఒక కన్నుతో చూచినప్పుడు, ప్రతి నూరుగురు పిల్లలలో పదునొకండుగురు ప్రమాదమునుండి తప్పించుకొన్నారు. కొత్త మందు ఏదియు లేదు. అదే మాత్ర, అదే వైద్యశాల. అదనముగా వచ్చినది ఒక మనిషి. తోటివారి తోడ్పాటు పనిచేయునని ఇంతకంటె గట్టిగా చెప్పుట కష్టము. రెండవ కన్నుతో చూచినప్పుడు, సహాయము పొందిన పిల్లలలో కూడ నలుగురిలో ఒకరు ఇంకను అపాయములోనే ఉన్నారు. రెండు పక్షములలో కలిపి 28 మంది బిడ్డలు ఆ రెండేండ్లలో చనిపోయినారు. నిజమైన మూల్యాంకనము అనగా ఈ రెండు మాటలను ఒకే నోట చెప్పగలుగుట.

కాలము పెట్టు పరీక్ష

ఇక ఎంతకాలము తరువాత కొలువవలెను? దీనికి ఉగాండా దేశములోని రాకాయి జిల్లా మంచి పాఠము నేర్పుచున్నది. అచ్చట 2006 మే నుండి 15 వైద్య కేంద్రములను తీసికొని, పదింటిలో తోటి ఆరోగ్య సేవకులను నియమించిరి. తక్కిన ఐదింటిలో మామూలు పద్ధతి ఉంచిరి. ఆ సేవకులు ఎ.ఆర్.టి. మందులు వాడుచున్నవారే. ఇండ్లకు వెళ్లి, మాత్రలు లెక్కించి, ఒంట్లో ఎట్లున్నదని అడిగి, అవసరమైన యెడల కేంద్రమునకు కబురు పంపెడివారు. మొత్తము 1,336 మంది రోగులను గమనించినారు.

మాత్రలు తప్పక వేసికొనుట అను కొలతలో రెండు పక్షములకు చెప్పదగిన భేదము కనబడలేదు. మొదటి సంవత్సరములో రక్తపరీక్షలలో కూడ భేదము తేలలేదు. అంతటితో ఆపి తీర్పు చెప్పియుండిన యెడల, ఈ సేవ వ్యర్థమని వ్రాసి మూసివేసియుందురు. కాని వారు కొనసాగించి చూచిరి. 96 వారములు, అంతకు పైబడిన కాలములో, చికిత్స విఫలమగుట తోటి సేవకులున్న చోట సగమునకు తగ్గినది. 2010లో ఈ సంగతి ప్రకటింపబడినది.

ఇది రైతులైన మీకు వింతగా తోచదు. మామిడి మొక్క నాటినవాడు మరుసటి వేసవిలో కాయలు కోయవలెనని చూడడు. మొదటి సంవత్సరములో క్రొత్తగా మందు మొదలుపెట్టినవారందరికి ఉత్సాహము ఉండును. చావు దగ్గరగా చూచి వచ్చిన భయము ఉండును. ఎవరి తోడు లేకున్నను మాత్ర వేసికొందురు. రెండవ, మూడవ సంవత్సరములలో విసుగు వచ్చును, మరపు వచ్చును. తోడు యొక్క విలువ అప్పుడే బయటపడును. అయితే మన ప్రాజెక్టులలో అనేకము ఒకటి రెండు సంవత్సరములకే డబ్బు ఇచ్చి, ఆరు నెలలకే నివేదిక అడుగును. ఫలము వచ్చు కాలమునకు సేవకుడు ఇంటికి పోయియుండును.

దేనిని కొలుచుచున్నాము?

జింబాబ్వే యువ సహాయకులు మరియొక ప్రశ్న కూడ వేసికొన్నారు. మందు మానుటకు మనోవేదన ఒక కారణము కదా. ఆ వేదనను తగ్గించు పద్ధతిని కూడ ఈ యువకులకు నేర్పిన యెడల రక్తములో వైరస్ ఇంకను తగ్గునా? 60 వైద్యశాలలలో, 10 మొదలు 19 ఏండ్ల వయసు గల 842 మందితో దీనిని పరీక్షించినారు. ఒక పక్షమున మామూలు యువ సహాయకులు. రెండవ పక్షమున, సమస్యను పేరు పెట్టి చెప్పుకొని, ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు దారి వెదకు పద్ధతిని ప్రత్యేకముగా నేర్చుకొన్న సహాయకులు.

2022లో ఫలితము వచ్చినది. రక్తములో వైరస్ విషయములో రెండు పక్షములకు భేదము తేలలేదు. ఇరువైపులను పరిస్థితి మెరుగుపడినది. మనోవేదన లక్షణములు మాత్రము క్రొత్త శిక్షణ పొందినవారి చేతిక్రింద నున్న పిల్లలలో స్పష్టముగా తక్కువైనవి. ఇప్పుడు ఆ అదనపు శిక్షణ గెలిచినదా, ఓడినదా? రక్తమును మాత్రమే కొలిచినవాడు ఓడినదనును. నిద్రపట్టని బిడ్డకు నిద్ర పట్టినదని చూచినవాడు గెలిచినదనును. కనుక ఏ సేవనైనను కొలుచుటకు ముందే, దానివలన ఏ మేలు కోరుచున్నామో స్పష్టముగా వ్రాసికొనవలెను. పని ముగిసిన తరువాత ఏ సంఖ్య బాగున్నదో దానిని ఎత్తి చూపుట లెక్క చెప్పుట కాదు.

కొలతకు అందనివారు

ఇంతవరకు సహాయము పొందినవారిని గూర్చి చెప్పినాము. సహాయము చేయువారి మాట ఏమి? ఆ సహాయకురాలు ఇరువది ఏండ్ల పిల్ల. తానును జీవితాంతము మందు వేసికొనవలసినది. తాను దర్శించిన బిడ్డ చనిపోయినప్పుడు ఆ మరణములో తన రేపటిని చూచును. ఆమె ఇంటికి వచ్చుచున్నదంటేనే ఇరుగుపొరుగు వారు ఆ ఇంటిని అనుమానింతురు. ఆమెకు ఇచ్చునది స్వల్పమైన భత్యము. స్వచ్ఛంద సేవ అని పేరు పెట్టి బీదవాని చేత ఉచితముగా పని చేయించుకొనుట న్యాయము కాదు. సేవ యొక్క లెక్కలో సహాయకుల ఆరోగ్యము, వారి వైరల్ లోడ్, ఎందరు అలసి మానివేసినారు అను సంగతులు కూడ ఉండవలెను. రోగిని నిలబెట్టి సహాయకురాలిని పడవేసిన సేవను సఫలమని ఎట్లు చెప్పుదుము?

మరియొక వర్గము, అసలు రానివారు. కూటమునకు వచ్చుటయే కొందరికి బయటపడుటతో సమానము. తోటివారనగానే అందరును ఒకటే కారు. కూలికి పోవు విధవరాలికి లారీ డ్రైవరు తోటివాడు కాడు. కాలేజీ చదువుచున్న యువకునికి నడివయసు గృహిణి మాట అంతగా తగులదు. ఒకే వ్యాధి ఉండుట చాలదు. వయసు, బ్రదుకు తెరువు, భాష, కులపు ఆంక్షలు కూడ చూడవలెను. జింబాబ్వే సేవలో పిల్లల యొద్దకు యువకులనే పంపినారని మరువకూడదు.

లెక్క ఎందుకింత అవసరము?

ప్రేమతో చేయు పనిని ఇట్లు త్రాసులో పెట్టి తూచనేల అని కొందరు పెద్దలు మమ్ములను అడిగినారు. ఆ అభ్యంతరమును మేము గౌరవించుచున్నాము. కాని లోకము తీరు చూడుడి. 2021లో ఐక్యరాజ్య సమితి సభ్యదేశములు ఒక ప్రకటన చేసినవి. 2025 నాటికి హెచ్.ఐ.వి. పరీక్ష, చికిత్స సేవలలో 30 శాతము ప్రజల సంస్థలే నడుపవలెనని అందులో లక్ష్యము పెట్టుకొన్నవి. ఆ 2025 జనవరిలోనే అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును ఆకస్మికముగా నిలిపివేయగా, ఆఫ్రికాలో అనేక హెచ్.ఐ.వి. సేవలు ఆగినవి లేక తగ్గిపోయినవి. డబ్బు కురచయైనప్పుడు మందును, డాక్టరును ఉంచి, ఇంటింటికి తిరుగు మనిషిని మొదట తీసివేయుట సులభము. ఆ మనిషి చేయు మేలు కంటికి కనబడదు. 36 మంది 25 మంది అయినారని చూపు కాగితము చేతిలో ఉన్నవాడు మాత్రమే ఆ మనిషి పక్షమున వాదింపగలడు. లెక్క వ్రాయని సేవ, మంచిదైనను చెడ్డదైనను, ఒకే తీరున కొట్టివేయబడును.

మన సంఘములలో

మన రెండు తెలుగు రాష్ట్రములలో ఎ.ఆర్.టి. మందులును, వైరల్ లోడ్ పరీక్షయు ప్రభుత్వ ఖర్చుతో లభించుచున్నవి. కనుక మన సంఘములు క్రొత్తగా ఆసుపత్రి కట్టనక్కరలేదు. మన సంఘముల సొమ్ముతోనో, స్థలముతోనో, స్త్రీల మైత్రి వారి శ్రమతోనో ఇట్టి సేవ ఏదైన జరుగుచున్న యెడల, కమిటీలో కూర్చున్నవారు ఈ ఐదు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి.

ఒకటి: ఆరంభములో ఎందరు, ఇప్పుడు ఎందరు, తక్కినవారు ఏమైనారు? రెండు: హాజరు పట్టీ కాక, వైరస్ అదుపులో ఉన్నవారి సంఖ్య ఎంత? మూడు: ఈ సేవ లేని చోట అట్టివారి స్థితి ఎట్లున్నది? నాలుగు: రెండేండ్లు దాటిన తరువాత చూచినారా? ఐదు: సేవ చేయుచున్న తోటివారు ఎట్లున్నారు, వారికి భత్యము, విశ్రాంతి ఉన్నవా?

ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను మనుష్యుల పేర్లు అక్కరలేదు. సంఖ్యలు చాలును. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము, ఒకరికి ఈ వ్యాధి ఉన్నదను సంగతిని వారి సమ్మతి లేక బయటపెట్టుట నిషిద్ధము. ఉద్యోగములో, చదువులో, వైద్యములో వివక్ష చూపుట కూడ నిషిద్ధము. ప్రార్థన మనవుల జాబితాలో పేరు చదివినను బయటపెట్టినట్లే. ఎంత మంచి మనసుతో అడిగినను, "మన సంఘములో ఎవరెవరికి ఉన్నది?" అను ప్రశ్న మనము అడుగరాని ప్రశ్న. సంఖ్యలు అడుగుట సంఘము పని. పేర్లు భద్రముగా ఉంచుట ఆ తోటివారి పని.

ఇక సంఘము చేయదగినవి చిన్న పనులే. వారమునకు ఒక సాయంకాలము తలుపు వేసికొని కూర్చుండుటకు ఒక గది ఇయ్యవచ్చును. ఆ గదికి ఏ బోర్డును పెట్టకూడదు. బస్సు ఛార్జీలకు ఒక నిధి ఉంచి, ఎవరికిచ్చినది కమిటీకి తెలియనక్కరలేని ఏర్పాటు చేయవచ్చును. యువ సహాయకుని చదువుకు సాయము చేయవచ్చును. ఒక్క సంవత్సరము చూచి ఫలము లేదని విసుగుకొనక, కనీసము మూడు సంవత్సరములకు మాట ఇయ్యవచ్చును.

సహోదరులారా, తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెను వెదకబోయిన కాపరి కథ మనలో బిడ్డలకు కూడ తెలియును. ఆ కథలో మనము సాధారణముగా గమనింపని సంగతి ఒకటి కలదు. నూటిలో ఒకటి లేదని అతనికి ఎట్లు తెలిసినది? సాయంకాలము దొడ్డి వాకిట నిలిచి లెక్కపెట్టినాడు గనుకనే తెలిసినది. తొంబదితొమ్మిదింటిని చూచి తృప్తిపడిన కాపరికి ఒకటి తప్పినదని తెలియదు, వెదకుటకు బయలుదేరడు. లెక్కపెట్టుట ప్రేమకు విరోధము కాదు, ప్రేమ చేయు మొదటి పని అదే.

మన అధ్యక్ష మండలము రెండవ నూరేండ్లలో అడుగిడుచున్న ఈ దినమున మేము కోరునది ఒక్కటే. ఇకమీదట మన ఆరోగ్య సేవల నివేదికలలో, వచ్చినవారి సంఖ్య ప్రక్కన రాక మానినవారి సంఖ్యకు కూడ ఒక గడి గీయుడి. మొదటి సంవత్సరము ఆ గడిలోని అంకె చూచి మనకు సిగ్గు కలుగవచ్చును. అయినను దానిని నింపుడి. ఆ అంకె తగ్గుచు వచ్చిన నాడు, మన తోటివారి తోడ్పాటు ఫలించినదని ఎవరి సాక్ష్యము అక్కరలేకయే మనకు తెలియును.